కింది గదిలో స్విచ్, మా బావమరిది

మా బావమరిది దొంగ అని ముత్తుకూరు రోడ్డు మీది టీ అంగడిలో చెప్పింది నేనే. విన్నవాళ్లలో కొందరు ఆ మాటను ఇంకా మోస్తున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా రొయ్యల గుంటలు ఇంటి వెనకే. గట్ల మీద, మేత బస్తాలుండే షెడ్డులో కెమెరాలు పెట్టించాను. ఆ వైర్లన్నీ ఇంటి కింది గదిలో ఒక పెట్టెలోకి వస్తాయి. దాన్నే నెట్‌వర్క్ స్విచ్ అంటారు. మేడ మీద రికార్డర్ పక్కన అలాంటిదే ఇంకొకటి ఉంది. కెమెరాలు పెరిగి బొమ్మలు ఆగి ఆగి వస్తుంటే, రెండు పెట్టెల మధ్య రెండో వైరు కూడా లాగి, రెండూ కలిసి ఒకే దారిలా పనిచేసేలా సెట్టింగ్ పెట్టాను. లింక్ అగ్రిగేషన్ అంటారు దాన్ని. వీడియోలు చూసి నేర్చుకున్నాను. బొమ్మలు నీళ్లలా కదిలాయి. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించాను.

ఆ తర్వాత ఒకరోజు బొమ్మలన్నీ బిగుసుకుపోయాయి. కంప్యూటర్‌లో చూస్తే కింది స్విచ్‌లో నేను పెట్టిన సెట్టింగ్ లేదు. పైదాంట్లో ఉంది. రెండు వైర్లూ ఒకటేనని పైది అనుకుంటోంది, దేనికదేనని కిందిది అనుకుంటోంది. మధ్యలో బొమ్మలు దారి తప్పాయి. మళ్లీ పెట్టాను, బాగైంది. కొన్నాళ్లకు మళ్లీ పోయింది.

అప్పుడు పాస్‌వర్డ్ మార్చాను. తర్వాతి సారి బొమ్మలు ఆగినప్పుడు నా కొత్త పాస్‌వర్డ్ పనిచేయలేదు. పెట్టె అడుగున అచ్చువేసి ఉన్న పాతదే పనిచేసింది. ఎవరో లోపలికి వెళ్లి అంతా చెరిపేస్తున్నారని ఇక నాకు సందేహం లేకపోయింది.

నేను కాక ఆ గదిలోకి వెళ్లేది మా బావమరిది ఒక్కడే. జనరేటర్ కూడా అక్కడే ఉంది. కరెంటు పోతే గుంటల్లో గాలి చక్రాలు ఆగిపోతాయి, రొయ్యలకు ఊపిరి ఆడదు. ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి జనరేటర్ వేసేవాడు. అతను వచ్చి వెళ్లినప్పుడల్లా కెమెరాలు ఆగుతున్నాయని గమనించాను. స్విచ్ పక్కన ఒక సన్న తీగముక్క దొరికింది. స్విచ్‌కి వెనక చిన్న రంధ్రం ఉంటుంది, అందులో తీగ గుచ్చితే అన్నీ చెరిగిపోతాయి. అదేమిటని అడిగితే, జనరేటర్ డీజిల్ ట్యాంకు మూతకున్న రంధ్రం ఉప్పుగాలికి పూడిపోతుంటే దాంతో గీకుతున్నానని చెప్పాడు. నేను నమ్మలేదు. కెమెరాలు ఆపేది మేత బస్తాలు దాటించడానికేనని మనసులో తీర్పు చెప్పేసుకున్నాను. బస్తాలు నిజంగా తగ్గాయా అని మాత్రం చూడలేదు.

ఒకరోజు మా ఆవిడ ముందరే అడిగాను.

“కెమెరాలు ఎందుకు ఆపుతున్నావు?”

“నేనెందుకు ఆపుతాను బావా? కరెంటు పోతే జనరేటర్ వేస్తా, పోతా.”

“పాస్‌వర్డ్ దానంతట అదే మారిందా?”

“ఆ పెట్టెతో మాట్లాడేది నువ్వొక్కడివే గదా. దాన్నే అడుగు.”

వెటకారం ఆడుతున్నాడనుకుని మండిపోయాను. ఆ సాయంత్రమే అంగడిలో చెప్పాను. పక్క గుంటల ఆసామి అక్కడే ఉన్నాడు. ఆ సీజన్ నుంచి తన గుంటలు మా బావమరిదికి వాటాకు అప్పగిస్తానని మాట ఇచ్చినవాడు. గుంట అప్పగించడమంటే మేత, మందులు, డీజిల్ అన్నీ ఒక మనిషి చేతిలో పెట్టడమే. ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. మా బావమరిది బోగోలు వైపు ఐసు లోడింగ్ పనికి వెళ్లిపోయాడు. మా ఆవిడ నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది.

అతను వెళ్లాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ నేనే వేశాను. మేడెక్కి చూస్తే బొమ్మలు ఆగి ఉన్నాయి. కింది గదిలోకి నేను తప్ప ఎవరూ వెళ్లలేదు. సెట్టింగుల పేజీ తెరిచి, ఈసారి మూల మూలా చదివాను. ఏదైనా మార్చాక ‘అప్లై’ నొక్కితే అప్పటికి పనిచేస్తుంది. పై మూలన ‘సేవ్’ అని ఇంకొకటి ఉంది. అది నొక్కకపోతే కరెంటు పోయిన క్షణంలో స్విచ్ అన్నీ మరిచిపోయి, కొన్న రోజు ఎలా ఉందో అలా లేస్తుంది. పాస్‌వర్డ్‌తో సహా. పైదానికి బ్యాటరీ ఉంది కాబట్టి దానికి మరుపు రాలేదు. ఇన్నాళ్లూ నేను ఒక్కసారి కూడా సేవ్ నొక్కలేదు.

మా బావమరిదికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విన్నాడు.

“నాకెందుకు చెప్తావు బావా? నేను దొంగని కాదని నాకు తెలుసు. అంగడిలో చెప్పినావు గదా, ఆడ చెప్పు.”

వెళ్లి చెప్పాను. ఆసామి టీ తాగుతూ విన్నాడు. పెట్టె మరిచిపోవడమేమిటన్నాడు. పోయినవి సెట్టింగులైతే మేత సంగతేమిటన్నాడు. మేత పోయిందని చెప్పింది నేనే, పోలేదు, ఇప్పుడు లెక్క చూసుకున్నానన్నాను. ఆయన నవ్వి నా భుజం తట్టాడు.

“ఇంటి మనిషి గదా, కప్పిపెట్టుకుంటావులే.”

ఇంటికి తీసుకెళ్లి, కరెంటు తీసి, బొమ్మలు ఎలా ఆగుతాయో చూపిస్తానన్నాను. తర్వాత చూద్దామన్నాడు. నిందవేసిన రోజు ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తప్పు నాదన్న రోజు ఇన్ని అడిగాడు. ఆ గుంటలు ఇప్పటికీ వేరేవాళ్ల చేతిలోనే ఉన్నాయి.