నూకరాజు గారి ‘బానే ఉందండి’

ఆరేళ్ల కిందట ఇరిగేషన్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా నా మొదటి పోస్టింగు గోదావరి డెల్టాలో ఒక కాలువ సెక్షనుకి వచ్చింది. మాది కడప జిల్లా. ధవళేశ్వరంలో అద్దెకు దిగి, పొద్దున్నే స్కూటరు మీద ఆఫీసుకి వెళ్లేదాన్ని. కాలువ లెక్కలు తొందరగానే వంటబట్టాయి గానీ, అక్కడి మనుషుల మర్యాదే ఒక పట్టాన అంతుచిక్కలేదు. ఏం చెప్పినా “ఆయ్, అలాగేనండి” అనేవారు. అది ఒప్పుకోవడమో, వద్దని చెప్పడమో పని అయ్యేదాకా నాకు తెలిసేది కాదు.

గట్ల మీద తిరుగుతూ తూములు, షట్టర్లు చూసుకునే ఉద్యోగిని లస్కరు అంటారు. మా లస్కర్లలో నూకరాజు గారు పెద్దవారు. రోజూ ఏడింటికల్లా ఫోన్ చేసి గట్టు సంగతి చెప్పేవారు. ఆగస్టులో కాలువ నిండుగా పారుతున్నప్పుడు, గట్టుకి చెమ్మ వస్తోందని ఆయన అంటే హడావిడిగా పరిగెత్తాం. తీరా చూస్తే నిలిచిన వాననీళ్లు. ఆ చిరాకులో నలుగురి ముందూ నోరు జారాను.

“ప్రతి చెమ్మకీ లీకేజీ అంటే ఎలా? ఇన్నేళ్ల సర్వీసు ఉంది, ఆమాత్రం తెలియదా?”

“ఆయ్, తప్పేనండి” అన్నారాయన.

మర్నాడు ఏడింటికి ఫోన్ మోగింది. స్పీకరు పెట్టి, ఫైలు తిరగేస్తూ అడిగాను.

“ఇవాళైనా గట్టు బాగుందా?”

“బానే ఉందండి.”

సరేనని పెట్టేశాను. ఎదురుగా టీ తాగుతున్న వీర్రాజు గారు గ్లాసు పక్కన పెట్టి లేచారు. ఆయన మా వర్క్ ఇన్‌స్పెక్టరు, అంటే పనులు దగ్గరుండి చేయించే మనిషి.

“జీపు తీయమంటానండి మేడం. గోతాలు, ఇసక కూడా వేయిద్దామండి.”

“ఎందుకు? బాగానే ఉందన్నారు కదా.”

“రోజూ ఆ మాట ఒక్క ఊపున అనేసి, ఆపైన వాన గురించో చేల గురించో ఇంకో నాలుగు మాటలంటాడండి. ఇవాళ ‘బానే’ అని సాగదీసి, ఆగి, ‘ఉందండి’ గొంతులోనే దించేశాడు. అది ధీమాగా ఉన్న మనిషి పలుకు కాదండి.”

ఇదెక్కడి చాదస్తం అనుకున్నాను. ఆయన అప్పటికే డ్రైవరుని పిలిచేశారు.

మేం వెళ్లేసరికి నూకరాజు గారు కాలువలో నడుములోతు నీళ్లలో నిలబడి, పందికొక్కు బొరియలో ఎండుగడ్డి, బంకమట్టి కుక్కుతున్నారు. గట్టు అవతలి వైపు నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి, అవీ బురదగా. తేటనీళ్లు ఊరితే అంత భయం లేదు. బురదనీళ్లు వచ్చాయంటే గట్టు లోపలి మట్టి కోసుకుపోతోందన్నమాట. కింద కనుచూపు మేర కొత్తగా నాట్లేసిన వరిచేలు. ఇంకో గంట ఆలస్యమైతే గండి పడి అవన్నీ మునిగేవి. గోతాలు దించి, బొరియ మూసి, ఊపిరి పీల్చుకునేసరికి మధ్యాహ్నమైంది.

“ఎందుకు చెప్పలేదండీ?” అన్నాను.

“చెబ్దామనేనండి ఫోను చేశాను. మీరడిగిన తీరుకి ఇంకో మాట నోటికి రాలేదండి.”

అందులో నిష్ఠూరం లేదు. నాకే తలెత్తబుద్ధి కాలేదు. ‘ఇవాళైనా’ అని నేను విసురుగా అడిగినప్పుడే ఆయన జవాబు నేనే చెప్పేశాను. ఆయన నోరు నాకు భయపడింది గానీ, గొంతు అబద్ధమాడలేకపోయింది. ఆ గొంతుని పట్టుకున్న వీర్రాజు గారి చెవికి ఈ రోజుకీ దణ్ణం పెట్టుకుంటాను. ఎదుటివాళ్ల మాట వినాలంటే ముందు నా మాట నాకు వినపడాలని ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

మర్నాడు ఏడింటికి ఫైలు మూసి, “గట్టు ఎలా ఉందండీ నూకరాజు గారూ?” అని నెమ్మదిగా అడిగి ఊరుకున్నాను.

“ఇంకో రెండు చోట్ల నాకు అనుమానంగా ఉందండి” అన్నారాయన.