నార్వే వాళ్ల ముందు సరోజన టీచరు సగం వాక్యం

మా అమ్మమ్మ సరోజన ముప్పై రెండేళ్లు నర్సంపేట సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పింది. రిటైరై ఎనిమిదేళ్లయినా ఆ సంగతి ఆమె గొంతుకు ఇంకా తెలియదు. ఇప్పుడు మేముండే సుబేదారిలో మా వంటింట్లోంచి ఉప్పు అడిగితే పక్కింటి సోమక్క పట్టుకొస్తుంది.

అంత గొంతూ ఆ సోమవారం ఎండిపోయింది. మధ్యాహ్నం రెండున్నరకు కంప్యూటర్‌లో నార్వే వాళ్లకు క్లాసు చెప్పాలి. నలుగురూ అరవై దాటినవాళ్లే. చిన్నప్పుడు సరిగ్గా అబ్బని ఇంగ్లీషును ఇప్పుడు నేర్చుకుంటున్నారు. ఏర్పాటు చేసింది రమాకాంత్. ఒకప్పుడు ఆమె బళ్లో చదివాడు, ఇప్పుడు హైదరాబాదులో ఆన్‌లైన్ పాఠాల కంపెనీలో మేనేజరు. ఇది పరీక్ష క్లాసు. నచ్చితే వారానికి మూడు రోజులు ఆమెదే, నచ్చకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. ఇప్పటికే రెండు ప్రైవేటు స్కూళ్లు "మీది పాత పద్ధతి" అని పంపించేశాయి. మూడోసారి ఆ మాట వింటే ఇక పాఠం జోలికే పోనని ఒట్టు పెట్టుకుంది.

పాఠం "గెట్" అనే ఒక్క మాట. వారం రోజులు కూర్చుని ఆమె తెలుసుకున్నది ఏమిటంటే, నార్వే వాళ్లు ఏదైనా చేతికి అందితే "ఫో" అంటారు. వానకు తడిసినా, ముసలితనం వచ్చినా "బ్లీ" అంటారు. ఇల్లు చేరితే దానికి వేరే మాట. ఇంగ్లీషువాడు మాత్రం ఉత్తరం వచ్చినా, ఇల్లు చేరినా, తడిసినా, చెప్పింది అర్థమైనా ఒక్క గెట్‌తోనే సరిపెట్టుకున్నాడు. మనం కూడా దేని మాట దానికే వాడతాం కదా, వీళ్ల తిప్పలు నాకు తెలియనివా అని కాస్త ధైర్యం తెచ్చుకుంది. ఆ ధైర్యం పొద్దున పది గంటల దాకా ఉంది.

"పది అర్థాలు రాసుకున్ననే సునీతా. నలభై నిమిషాలల్ల అయితయంటవా?"

"అయితయి గని ముందుగాల బువ్వ తినమ్మా," అంది మా అమ్మ సునీత.

"తింటే గొంతుల అడ్డం పడ్తది."

"ఫికర్ జేయకు. ఆళ్లేమన్న ఇన్‌స్పెక్టర్లా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇన్‌స్పెక్టరనగానే సరోజనకు బీపీ గోళీ గుర్తొచ్చింది. వేసుకుందో లేదో మాత్రం గుర్తు రాలేదు.

రెండున్నరకు తెర మీద నాలుగు తెల్లని మొహాలు కనిపించాయి. అయిదో గడిలో రమాకాంత్. సరోజన దండం పెట్టి మొదలుపెట్టింది. "వెన్ ఇట్ రెయిన్స్, ఐ గెట్..." అని గొంతు పైకెత్తి ఆగిపోయింది. నర్సంపేటలో అయితే ఆ ఖాళీలో నలభై మంది పిల్లలు "వెట్" అని పైకప్పు లేచిపోయేలా అరిచేవాళ్లు.

ఎవరూ అరవలేదు.

మళ్లీ అంది, ఇంకాస్త పైకి సాగదీసి. నాలుగు మొహాలూ మర్యాదగా చూస్తూ ఉన్నాయి.

"సునీతా, వీళ్లు ఆగిపోయిండ్రే. నెట్ పోయింది."

"పోలేదమ్మా, కండ్లు ఆర్పుతాండ్రు చూడు."

ఈసారి ఉత్తరం వచ్చే వాక్యానికి మళ్లింది. "ఫ్రమ్ మై సిస్టర్, ఐ గెట్ ఎ..." మళ్లీ అదే నిశ్శబ్దం. రమాకాంత్ చేతి గడియారం చూసుకోవడం ఆమె కంట పడనే పడింది. అప్పుడు ఊలవ్ అనే ముసలాయన మెల్లగా, మీకు ఒంట్లో బాగాలేదా అమ్మా, మాట గుర్తొచ్చేదాకా ఆగుతాం, తొందర లేదు అన్నాడు.

ఆయన జాలి చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది. కంప్యూటర్ మూసేద్దామని చెయ్యి కూడా చాపింది. కానీ తనకు మతిమరుపని వాళ్లు అనుకుంటుంటే మూసేసి లేవడానికి మనసొప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. మా బడిలో టీచరు సగం చెప్తే మిగిలిన సగం పిల్లలంతా ఒక్కసారే అరుస్తారు, నాకు అదొక్కటే వచ్చు అంది.

ఆస్ట్రిడ్ అనే ఆవిడ అప్పటిదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు అడిగింది, "తప్పు చెప్తే?"

"అందరూ కలిసి అరుస్తరు కదమ్మా. ఎవరిది తప్పో ఎవరికి తెలుస్తది?" అని సరోజన ఇంగ్లీషులో చెప్పింది.

ఆస్ట్రిడ్ మూడు వారాలుగా వేరే టీచర్ల క్లాసుల్లో తప్పొస్తుందని భయపడి మాట్లాడటం లేదట. మళ్లీ వాన కురిపించమంది. సరోజన కురిపించింది. "ఐ గెట్..."

"వెట్!" అన్నారు నలుగురూ. ఒకరికొకరు కలవకుండా, చాన్నాళ్లకు గాలి అందిన పాత హార్మోనియంలా.

సాయంత్రం రమాకాంత్ ఫోన్ చేశాడు. "టీచర్, పది అర్థాలల్ల నాలుగే అయినయి. మా రూల్ ప్రకారం ఫెయిలే."

సరోజనకు తన ఒట్టు గుర్తొచ్చింది. "పాత పద్ధతి అన్నరా?"

"మా బాస్ అన్నడు. గని ఆ నలుగురు బుధవారం కూడా మీరే గావాలన్నరు. ఆ ఆస్ట్రిడ్ మేడమైతే రెండుసార్లు మెసేజ్ పెట్టింది. ఇగ బాస్ ఏమంటడు? క్లాసు మీదే టీచర్."

ఆమె సరేనని ఫోన్ పెట్టేసింది. మొహాన నవ్వు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. నోటుబుక్కు తీసి మిగిలిన ఆరు అర్థాల మీద వేలు పెట్టింది.

"సునీతా, నిద్రలేస్తే కూడా గెట్టేనే, గెట్ అప్. గెట్ అని సగంల ఆగితే ఆ అప్ వాళ్లకెట్ల తడ్తది? మధ్యలున్నది మంగళారం ఒక్కటే."