కొండకు వెళ్లేవాళ్లను అడిగితే

యుద్ధం అయిపోయాక వచ్చిన శివరాత్రికి మా ఊరి తిరునాళ్ల కమిటీకి ఒక ఆలోచన పుట్టింది. కోటప్పకొండకని నరసరావుపేటలో రైలు దిగే జనానికి ఏదైనా కట్టించాలి. ఉన్న చందాలకు ఒక్క పనే అవుతుంది: ఊరి మొదట్లో స్వాగత ద్వారమా, స్టేషను దగ్గర ఆడవాళ్లకు మరుగుదొడ్లా? కమిటీ పెద్ద మా వీధివాడే, బాబాయ్ అనేదాన్ని. వచ్చినవాళ్లనే అడిగి తేలుద్దామన్నాడు. అక్కడిదాకా మెచ్చుకున్నాను. కాలేజీలో చదివినదాన్ని కదా, ఆడవాళ్లను అడిగే పని నాకిచ్చారు.

"కొండెక్కేటప్పుడు అడగొద్దు బాబాయ్, దిగొచ్చాక అడుగుదాం."

"తేడా ఏందమ్మాయ్? మనిషి అదే, నోరు అదేగా?"

తేడా ఆయనకు తెలియకేం! మా వైపు మొక్కుకుని బయల్దేరిన ఆడది దర్శనం అయ్యేదాకా కష్టమనే మాట నోట రానివ్వదు. అలా అంటే మొక్కు చెడుతుందని భయం. తిరుగుముఖం పట్టాక ఎవరి దారిన వాళ్లు పోతారు, ఎవర్ని పట్టుకుంటామని కొట్టిపారేశాడు.

స్టేషను బయట నిలబడి అడిగాను. అందరిదీ ఒకటే జవాబు: స్వామి దయ, ఏ లోటూ లేదు. మాచర్ల రైల్లోంచి మా మేనత్త దిగింది. నన్ను పెంచిన మనిషి, ఏటా వస్తుంది. పెదాలు ఎండి పొక్కిపోయి ఉన్నాయి.

"మంచినీళ్లన్నా తాగావా అత్తా?"

"ఆ కబుర్లు ఇప్పుడెందుకే? ఏ లోటూ లేదని రాసుకో."

"నీ మొహం చూస్తే తెలవట్లా?"

"మొహం రాసుకోమన్నారా, మాట రాసుకోమన్నారా? కానీవే, జనం చూస్తన్నారు."

రాసుకున్నాను.

మర్నాడు కొండ దిగి మా ఇంటికొచ్చి, పొత్తికడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంది.

"తాగితే పోవాలి. పట్టపగలు, అంతమంది మగాళ్లలో యాడికి పోనే? చీకటి పడిందాకా బిగబట్టా. ఇదివరకు ఓర్చుకునేదాన్ని. ఇప్పుడు చాతకావట్లేదు."

సత్రంలో దిగిన ఆడవాళ్లను మళ్లీ అడిగాను. అందరిదీ ఇదే గోడు. తిన్నగా కమిటీ దగ్గరికి వెళ్లాను.

"నిన్న లేదన్నోళ్లే ఇయ్యాల ఉందంటన్నారా?" అన్నాడు బాబాయ్. "ఆడోళ్ల మాటకు నిలకడ లేదంటే కోప్పడతావు."

"అడగాల్సినప్పుడు అడక్కుండా నిలకడ గురించి నాకు చెప్పొద్దు. ఇంటికెళ్లి మీ అమ్మగారినే అడగండి, ఆమే చెబుతుంది."

"మా అమ్మ జోలికి రామాక!"

మిగతావాళ్లు నవ్వారు. కొండకొచ్చిన మగవాళ్లంతా ద్వారమే కావాలన్నారట. ఆడవాళ్లకు ఏ లోటూ లేదని నేనే తెచ్చి ఇచ్చానట.

ద్వారం లేచింది. పిడుగురాళ్ల సున్నం కొట్టి తెల్లగా మెరిపించారు.

మరుసటి శివరాత్రికి మాచర్ల రైలుకు ఎదురెళ్లాను. అత్త దిగలేదు. వాళ్ల పొరుగామె దిగి, నా చేతిలో కొబ్బరికాయ పెట్టింది.

"తన బదులు ఈ కాయ నిన్ను కొట్టమంది. నీళ్లు తాగకుండా అంతసేపు కూకోలేనంది, తాగితే రాలేనంది. ఇంక రానని చెప్పమంది."

కాయ పుచ్చుకుని కొండకు పోయే బండెక్కాను.