రుమాలు వేసిన కుర్చీ

ఆ రోజుల్లో నాకు జరిగిన అన్యాయాలన్నీ వరుసగా గుర్తుండేవి (ఇప్పుడూ ఉన్నాయి, వరుసే కాస్త తప్పుతోంది). వాటిలో అన్నిటికన్నా పాతది, చిన్నప్పుడు విమానాల విన్యాసాలు చూపిస్తానని తీసుకెళ్లిన నాన్న, తమ్ముణ్ణి భుజాలకెక్కించుకోవడం. రెండంతస్తుల రెక్కలున్న పాతకాలపు విమానం ఎగిరిందని అందరూ చెప్పుకున్నారు. నాకు కనిపించింది నాన్న బెల్టు. అందుకే సూరత్ బట్టల మిల్లులో సూపర్‌వైజరుగా చేరిన ఏడాది, అలాంటి విమానమే ఇక్కడికీ వస్తోందని తెలియగానే, ఈసారి మొదటి వరుసలో కూర్చునే చూస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

సూరత్ బమ్రోలి పేటలో నా పక్క గదిలో ఉండే రేడియో అన్నను (మరమగ్గాల చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ, ఆయన గుసగుస కూడా వీధి చివరికి వినిపించేది) వెంటబెట్టుకుని అందరికన్నా ముందే మైదానానికి చేరాను. ఆయనేమో వెనకెక్కడో నీడ చూసుకుని నిలబడ్డాడు. నాకు మొదటి వరుసలో నడిమి కుర్చీ దొరికింది. ఎండ ముదిరాక, కుర్చీ మీద రుమాలు పరిచి మంచినీళ్లకు వెళ్లాను. మన బస్సుల్లో కిటికీలోంచి రుమాలు పడితే ఆ సీటు రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే కదా! తిరిగొచ్చేసరికి అందులో ఒక గుజరాతీ బామ్మ కూర్చుని ఉంది. నాలుగు మడతలు పెట్టిన రుమాలు నా చేతికిచ్చింది.

"బేటా, తేరా రూమాల్ గిర్ గయా థా."

"గిరా నహీ, మైనే రఖా థా!" పడిపోలేదు, నేనే పెట్టానన్నాను.

"కుర్సీ పే క్యోం రఖా?" అని, కుర్చీ మీదెందుకు పెట్టావని జాలిగా అడిగి, ఒక థేప్లా, అదే మెంతికూర రొట్టె, కూడా చేతిలో పెట్టింది. (తిన్నాను. కోపం వేరు, ఆకలి వేరు.)

"ఏంది తమ్మీ లొల్లి? గిది మన కరీంనగర్ బస్సా, రుమాలేస్తే సీటయితందుకు? జర ఇటొచ్చి నిలబడు!" వెనకనుంచి రేడియో అన్న. తెలుగు రానివాళ్లు కూడా నవ్వారు.

నేను నిలబడతానా? ఫిర్యాదుల బల్ల ఎక్కడుందో కనుక్కుని, మైదానం ఆ చివర, రన్‌వే కంచె దాకా నడిచాను. అక్కడి పెద్దాయన "లిఖ్ దో భాయ్" అని కాగితాలిచ్చాడు. రాశాను. రెండో పేజీలో తమ్ముడి సంగతికి వచ్చేసరికి, కంచె అవతల ఏదో గట్టిగా దగ్గింది.

తలెత్తితే ఎదురుగా అదే! ఎగరడానికి ముందు మలుపు తిరుగుతోంది. రోజూ మిల్లులో బట్టల తాన్లు చూసే కళ్లు కదా, రెక్కల మీద బిగించింది బట్టేనని ఇట్టే తెలిసిపోయింది. బట్ట, కర్ర, నాలుగు తీగలు! పంకా గాలికి నా ఫిర్యాదు రెండు పేజీలూ ఎగిరిపోయాయి. పైకప్పు లేని సీట్లోంచి పైలట్ నాకేసి చెయ్యి ఊపాడు. నాకే! గెంతుతూ రుమాలు ఊపాను. విమానం నేలను వదిలి, ఒక చుట్టు తిరిగొచ్చి నా నెత్తి మీదుగా ఆకాశంలోకి వెళ్లింది. గొంతు పోయేలా అరిచాను.

"మాకు తూనీగంత కనబడ్డది తమ్మీ" అన్నాడు రేడియో అన్న, దారంతా అసూయగా. ఫోన్లో తమ్ముడేమో, "అప్పుడు నేను నాన్న భుజం మీద నిద్రపోయాను అన్నయ్యా" అన్నాడు. (ఆ భుజాలు వృథా అయిన సంగతి జాబితాలో విడిగా చేర్చాను.)

ఆ కుర్చీ నాదేనని ఇప్పటికీ అంటాను. కాకపోతే ఆ విమానం మళ్లీ వస్తే కుర్చీల జోలికి పోను. ఫిర్యాదుల బల్ల ఎక్కడ వేశారో అడుగుతాను.