రోడ్డవతలి ఇంగ్లిష్ క్లాసు

అనిల్‌కుమార్ సార్‌ది మాక్లూర్. నిజామాబాద్ బస్టాండ్ వెనక మేడమీది గదిలో ఇరవై ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాడు. బోధన్ నుంచి, ఇందల్వాయి నుంచి పిల్లలు బస్సెక్కి ఆయన దగ్గరికే వచ్చేవారు. అదంతా పోయిన జూన్‌లో అఖిల రోడ్డవతల జిరాక్సు షాపు పైన బోర్డు పెట్టేదాకా.

అఖిల ఆయన శిష్యురాలే. హైదరాబాద్‌లో భాషాశాస్త్రం చదివి వచ్చింది. మొదటి వారమే ఆయన ముందు బెంచీ ఖాళీ అయింది. అవతలి మెట్ల దగ్గర చెప్పుల జతలు పెరిగినకొద్దీ ఆయనకు అన్నం సహించడం మానేసింది.

"నేను నేర్పిన ఇంగ్లిషే గదా! నాకే పోటీ" అన్నాడు భార్య శిరీషతో.

"పిల్లలు ఊకెనే పోతరా? ఏం చెప్తున్నదో పోయి వినరాదుండ్రి" అంది ఆమె.

ఒక సాయంత్రం జిరాక్సు నెపంతో వెళ్లి మెట్ల కింద నిలబడ్డాడు. పైనుంచి అఖిల గొంతు స్పష్టంగా వినిపించింది.

"బస్సు దిగి ఇంటికి ఫోన్ చేస్తరు. 'వచ్చిన' అంటరు. ఎవరు వచ్చిన్రని మీ అవ్వ అడుగుతదా?"

"అడగదు మేడం."

"ఎందుకడగదు? వచ్చిన అంటే నేను. వచ్చింది అంటే ఆమె. వచ్చిండు అంటే ఆయన. మాట చివర్నే మనిషి దొరుకుతడు. ఇంగ్లిష్‌ల 'కేమ్' అంటే ఎవరన్న కావచ్చు. గందుకే ముందు 'ఐ' పెట్టాలె. మీరు మర్చిపోయేది తెలివి లేక కాదు. మన భాషల దాని అక్కర లేదు, గంతే."

అనిల్‌కుమార్ ఒళ్లు మండిపోయింది. 'ఐ' వదిలేసిన ప్రతివాణ్నీ నిలబెట్టి తిట్టాడే తప్ప, ఎందుకు వదిలేస్తున్నాడో ఏనాడూ ఆలోచించలేదు. ఇంత చిన్న సంగతి తనకు తట్టలేదు, నిన్నటి పిల్లకు తట్టింది! ఆ కడుపుమంటతో, ఇంగ్లిష్ పేరు చెప్పి ఆమె తెలుగు నేర్పుతోందని తల్లిదండ్రుల చెవిన వేశాడు. కొందరు పిల్లలు తిరిగొచ్చారు. బోధన్ నుంచి వచ్చే డిగ్రీ అమ్మాయి వర్ష వాళ్లలో ఒకతి.

ఆ ఊపులో ఆయన అఖిల పాఠాన్నే తనదిగా చెప్పేశాడు. అవతలికి పోని పిల్లలు మెచ్చుకోలుగా చూశారు. అంతలో వర్ష లేచింది.

"మరి ఉర్దూల ఎట్ల సార్? మా పక్కింటాయన్ని 'కబ్ ఆయా', ఎప్పుడొచ్చినవంటే, 'అభీ ఆయా', ఇప్పుడే వచ్చిన అంటడు. 'నేనొచ్చిన' అన్నా ఆయానే, 'వాడొచ్చిండు' అన్నా ఆయానే. చివర మనిషి లేడు గదా! అయినా ఎట్ల వదిలేస్తరు?"

ఆయన పుస్తకం మూశాడు. "రేపు చెప్త" అన్నాడు. రేపు కాస్తా ఎల్లుండి అయింది. పుస్తకాలు తిరగేసినా జవాబు దొరకలేదు. చివరికి రోడ్డు దాటాడు.

అఖిల కుర్చీ వేసి చాయ్ తెప్పించింది. ప్రశ్న విని ఆమె ముఖం వెలిగింది.

"మాట చివరొక్కటే కాదు సార్. ఎవరితోని మాట్లాడుతున్నం, ఏం మాట నడుస్తున్నది, దాన్నిబట్టి గుడ తెలుస్తది. చైనా భాషల క్రియకు మనిషిని చెప్పే తోకే ఉండదు, అయినా 'నేను' వదిలేస్తరు. ఇంగ్లిష్‌ల వాన పడ్డా 'ఇట్' అని పెట్టాలె. ఆ ఇట్ ఎవరంటే ఏం చెప్తం? ఒక్కో భాష ఒక్కో తీరు ఎందుకైందో నాకు పూర్తిగ తెల్వదు సార్. పెద్దపెద్దోళ్లే ఇంకా వాదించుకుంటున్నరు."

తెల్వదు! ఆ మాట ఎంత సులువుగా అనేసింది! ఆమె చదువు కంటే ఆ సులువు చూసే ఆయనకు ఎక్కువ కుళ్లు పుట్టింది.

"నేను తెలుగు నేర్పుతున్న అని చెప్పిందెవరు సార్?" అఖిల మెల్లగా అడిగింది.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేనే" అన్నాడు. "ఓర్వలేకపోయిన."

ఆయన చాయ్ పూర్తి చేయకుండానే లేచి వచ్చేశాడు.

మరునాడు వర్షకు జవాబు చెప్పాడు, అది ఎవరు చెప్పారో కూడా చెప్పాడు. వారం తిరక్కుండా వర్ష మళ్లీ అవతలికి వెళ్లిపోయింది. ఆమె వెంట మరికొందరు వెళ్లారు. "పోనియ్" అన్నాడు శిరీషతో. మిగిలినవాళ్లకు ఇంటర్వ్యూ పాఠాలు శ్రద్ధగా చెబుతున్నాడు. అవతలి గదిలో నవ్వులు వినబడితే మాత్రం ఆయన మాట తడబడుతుంది. గరగరలాడే ఫ్యాన్ స్పీడు పెంచమంటాడు.