మక్‌సున్ బామ్మ ఎత్తిన చెయ్యి

కొరియాలో మా మొక్పో రేవు చర్చిలో మక్‌సున్ బామ్మ రక్షణ పొందినన్నిసార్లు నేను పళ్ళు కూడా తోముకుని ఉండను. "ఈరోజే మొదటిసారి ప్రభువును నమ్మినవాళ్ళు చెయ్యెత్తండి" అని ఏ బోధకుడు అన్నా, ముందు లేచేది ఆవిడ చెయ్యే. ఆ చర్చి కట్టేటప్పుడు ఇటుకలు మోసిన మనిషి!

పైఊరి బోధకులు పొంగిపోయేవారు. ఒకాయన ఆవిడ చేతులు పట్టుకుని, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా!" అని ఏడ్చేశాడు. మా పాస్టరుగారు ఆయన చెవిలో, "అయ్యా, పొద్దున మీకు కిమ్చీ పచ్చడి వడ్డించింది ఈవిడే" అన్నారు.

"బామ్మగారూ, రక్షణ ఒక్కసారి పొందితే చాలండీ!" అని పాస్టరుగారు మొత్తుకునేవారు.

"మతిమరుపు నాయనా. పొందానో లేదో గుర్తుండి చావదు."

యుద్ధానికి ముందు తన సోయా జాడీ పగలగొట్టిందెవరో మాత్రం ఇంటిపేరుతో సహా చెప్పేది. చివరికి సంఘపెద్ద బోంగ్ గారు పక్కన కూర్చుని ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నారు. ఆవిడ ఎడమది ఎత్తింది.

నాకు పదేళ్ళప్పుడు, వేసవి బైబిలు బడి ఆఖరి రోజున, కొత్తగా వచ్చిన బోధకుడు పిల్లలందరి చేతా కళ్ళు మూయించాడు. "ప్రభువు మీ గుండె తలుపు తడుతున్నాడు. వినపడినవాళ్ళు చెయ్యెత్తండి." నేను నిజంగానే చెవులు రిక్కించాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. వేళ్ళ సందుల్లోంచి చూద్దును కదా, అందరి చేతులూ లేచాయి, నావి తప్ప!

"ఇంకొక్క బిడ్డ మిగిలింది. పరలోకం ఎదురుచూస్తోంది" అంటూ పాట మళ్ళీ మొదలెట్టించాడు.

"ఎత్తవే హేసుక్! నూడుల్స్ నానిపోతున్నాయి!" అన్నాడు వెనక నుంచి గ్యుబోక్.

"నాకు వినపడలేదురా."

"మాకు మాత్రం వినపడిందా ఏంటి? ఎత్తెయ్!"

ఎత్తితే దేవుడింట్లో అబద్ధం. ఎత్తకపోతే వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడ్డ అమ్మకు తలవంపులు. నాకు ఏడుపొచ్చేసింది. "వినపడని బిడ్డ లేచి నిలబడాలి. అందరం తలమీద చేతులుంచి ప్రార్థిద్దాం" అన్నాడు బోధకుడు.

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. "నాకూ వినపడలేదు."

"అమ్మగారూ! నిన్న రాత్రే వినపడిందన్నారు కదా!"

"నిన్న వినపడింది. ఇవాళ ఫ్యాను గోల."

బామ్మ వచ్చి నా పక్కన పిల్లల బల్ల మీద కూలబడింది. జనమంతా ఆవిడ మీద చేతులుంచి గొంతులు చించుకున్నారు. "కొంచెం కిందకి నాయనా... ఆఁ, అక్కడే, ఆ భుజమే వారం నుంచి సలుపుతోంది. గట్టిగా నొక్కు!" నా తలమీద పెట్టడానికి ఒక్క చెయ్యీ మిగల్లేదు. కాసేపటికి బోధకుడే విసిగిపోయి భోజనాలకు లేవమన్నాడు.

నెత్తళ్ళ పులుసులో ఉబ్బిపోయిన నూడుల్స్ జుర్రుకుంటూ అడిగాను. "నిజంగా నీకు వినపడలేదా బామ్మా?"

"నీ కడుపు అరవడం వినపడింది. ఒక్కదానివే మిగిలితే ఊరంతా నిన్నే చూస్తుందే పిల్లా. ఇద్దరుంటే ఎవరికీ పట్టదు. తిను."

అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ చెయ్యెత్తిన ప్రతిసారీ పక్కన ఎవరో ఒకరు తలొంచుకుని, ఎత్తాలా వద్దా అని నలిగిపోతూ ఉండేవారు. ఒకసారి తాగుబోతు పడవవాడు, ఒకసారి మొగుడికి భయపడే చేపలావిడ.

చాలా ఏళ్ళకు, ఎవరూ బలవంతపెట్టని ఒక ఆదివారం, నాకు నిజంగానే వినపడింది. గుండె దడదడలాడుతుండగా చెయ్యెత్తి చుట్టూ చూశాను. నన్నెవరూ చూడటం లేదు. అందరూ ముందు వరసలో అప్పటికే లేచి ఉన్న బామ్మ చెయ్యి చూసి నవ్వుకుంటున్నారు.