బూస్టర్ ఆపితేనే నెట్

ఉద్యమం రోజుల్లో గాలిలోని తరంగాల్లో టీవీకెంత, సెల్‌ఫోన్లకెంత అని ఢిల్లీ పెద్దలు తలలు పట్టుకుంటుంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో మా కిరాయింట్లో ఆ పంపకం నా నెత్తిన పడింది.

ఆ రోజు బంద్. కేబుల్ రాలేదు, ఇంటర్నెట్ సెంటర్లన్నీ మూత. ఎల్బీ నగర్ చీరల దుకాణంలో పనిచేసే మా బాపు, సెలవు దొరికిందే చాలని అటక మీది పాత యాంటెన్నా దించాడు. డాబా మీద వెదురుకర్రకు పోచంపల్లి నూలుతో కట్టి, సిగ్నల్ పెంచే బూస్టర్ తగిలించాడు. బిల్డింగ్ మొత్తానికి పలికిన టీవీ మాదొక్కటే. కింది వాటా నుంచి గుంటూరు ఓనరంకుల్ కుర్చీతో సహా వచ్చేశారు. రాష్ట్రం ఇస్తారని బాపు ఆశ, ఇవ్వరని ఆయన ఆశ.

నా బెంగ వేరు. సర్కారు కొలువు దరఖాస్తుకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు. చివరిరోజు దాకా నాన్చడం మా వంశాచారం. చూస్తే లాప్‌టాప్‌కు గుచ్చిన డేటా కార్డుకు సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. ఇంతలో కరెంటు పోయి టీవీ ఆగింది, లాప్‌టాప్‌లో గీతలన్నీ నిండాయి! కరెంటు రాగానే మళ్ళీ మాయం. నా సిగ్నల్ మింగుతున్న దొంగ బూస్టరే. నాలుగేళ్ళ ఎలక్ట్రానిక్స్ చదువు నాకు అక్కరకొచ్చింది ఆ ఒక్క పూటే.

"బాపూ, బూస్టర్ బంద్ చెయ్యి. దాంతోని నా నెట్ వస్తలేదు."

"జరాగు బిడ్డా, ఇప్పుడే ఢిల్లీల మాట్లాడ్తరట."

"ఐదు నిమిషాలు ఆగితే కొంపలేం మునగవమ్మా" అన్నారు అంకుల్.

ఏడాదిగా ఏ ముక్క మీదా కుదరని ఇద్దరూ నా మీద మాత్రం ఏకమయ్యారు. నాకు ఒళ్ళు మండింది. చివరికి వార్తలప్పుడు టీవీ వాళ్ళది, ప్రకటనలప్పుడు నెట్ నాది అని ఒప్పందం చేయించాను. సబ్బు ప్రకటనలో నా పేరు వెళ్ళింది, టీపొడి ప్రకటనలో చదువు వెళ్ళింది. ఫోటో ఒక్కటే మిగిలింది. ఐదుకు ఐదు నిమిషాలుంది. సరిగ్గా అప్పుడే తెరమీద మంత్రిగారు మైకుల ముందుకొచ్చారు. ఇక నా కొలువు గోవిందా అనుకున్నాను.

బాపు నా మొహం చూశాడు. లేచి వెళ్ళి బూస్టర్ ప్లగ్గు పీకేశాడు. మంత్రిగారి మీద చీమలు పాకాయి.

"అయ్యయ్యో, ఏంటి మాష్టారూ!"

"రాష్ట్రం యాడికి పోతది సార్? ఐదు దాటితే ఫారం పోతది."

ఢిల్లీ నోట రాష్ట్రం మాట వినడం కోసం ఏళ్ళుగా ఎదురుచూసిన మనిషి. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే ఫోటో ఎక్కించాను. దరఖాస్తు చేరింది.

మళ్ళీ బూస్టర్ పెట్టేసరికి టీవీలో వరి తెగుళ్ళ గురించి చెబుతున్నారు. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"మంత్రి ఏం చెప్పిండో నెట్ల జర చూడు బిడ్డా."

"చూస్త. బూస్టర్ బంద్ చెయ్యాలె మరి."

ప్లగ్గు పీకడానికి ఈసారి ఇద్దరూ ఒకేసారి లేచారు.